మూడింట రెండు వంతుల లెక్క: తెలుగుదేశం చీలికలు, విలీనాలు

కాగితాల ప్రకారం చూస్తే తెలుగుదేశం పార్టీ ఇప్పటికి కనీసం మూడుసార్లు వేరే పార్టీల్లో కలిసిపోయింది. 2016 మార్చిలో తెలంగాణ అసెంబ్లీలో టీఆర్ఎస్‌లో, 2019 జూన్‌లో రాజ్యసభలో బీజేపీలో, 2021 ఏప్రిల్‌లో మళ్లీ తెలంగాణ అసెంబ్లీలో టీఆర్ఎస్‌లో. ఇన్నిసార్లు విలీనమైన పార్టీ 2024లో 135 సీట్లతో ఆంధ్రప్రదేశ్‌లో అధికారంలోకి వచ్చింది. సైకిల్ గుర్తు ఎవరికీ పోలేదు, హైదరాబాద్‌లో ఎన్టీఆర్ ట్రస్ట్ భవన్‌కు తాళం పడలేదు. మరి కలిసిపోయిందేమిటి?

ఎమ్మెల్యేలు కలిసిపోయారు, ఎంపీలు కలిసిపోయారు. దాన్నే మన రాజ్యాంగంలో ఫిరాయింపులను నిరోధించే పదో షెడ్యూల్ ‘విలీనం’ అంటుంది. ఆ మాట అక్కడికి ఎలా వచ్చిందో, దాన్ని ఎలా వాడుతున్నారో తెలియాలంటే తెలుగుదేశం చరిత్ర కంటే మంచి పాఠ్యపుస్తకం దొరకదు. ఫిరాయింపు చట్టం లేని రోజుల్లో ఒకసారి, ‘చీలిక’కు అనుమతి ఉన్న రోజుల్లో ఒకసారి, చీలికను తీసేసి విలీనాన్ని మాత్రం ఉంచిన రోజుల్లో పలుసార్లు ఈ పార్టీ విరిగింది. చట్టం మారినప్పుడల్లా జరిగిన పనికి పేరు మారింది. పని మాత్రం అదే: ఒక హోటల్లోనో, ఒకరి ఇంట్లోనో కూర్చుని తలలు లెక్కపెట్టడం. ఆ లెక్కలో పార్టీని ఒక్కసారీ అడగలేదన్నది నా ఫిర్యాదు.

మొదటిది 1984 ఆగస్టు. పార్టీ పుట్టి అప్పటికి రెండున్నరేళ్లు కాలేదు. 1982 మార్చి 29న పుట్టిన పార్టీ, 1983 జనవరిలో 294 సీట్లలో 200కు పైగా గెలిచి గద్దెనెక్కింది. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని ఆగస్టు 14న తిరిగొచ్చారు. 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ను బర్తరఫ్ చేసి, ఆర్థిక మంత్రి నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. ఎన్టీఆర్ తన వెంట ఉన్న ఎమ్మెల్యేలను రాజ్‌భవన్‌కు తీసుకెళ్లి నిలబెట్టినా గవర్నర్ లెక్కపెట్టలేదు. కొత్త ముఖ్యమంత్రికి బలం నిరూపించుకోవడానికి నెల గడువిచ్చారు.

ఆ నెల గడువులోనే ఉంది కిటుకంతా. బలం లేని మనిషికి నెల రోజులంటే ఎమ్మెల్యేలను ఒక్కొక్కరిగా లాక్కోవడానికి నెల రోజులు. అప్పట్లో పార్టీ మారితే సభ్యత్వం పోతుందన్న నిబంధనే లేదు. ఒక్కడే మారొచ్చు, మర్నాడు తిరిగి రావొచ్చు, మళ్లీ వెళ్లొచ్చు. ఏ సంఖ్యకూ రక్షణ లేదు కాబట్టి ప్రతి ఎమ్మెల్యేనీ కాపలా కాయాల్సిందే. అందుకే క్యాంపు: ముందు రామకృష్ణ స్టూడియోలో, తర్వాత రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రిగా ఉన్న కర్ణాటకలో. ఈ రోజు మనం ‘రిసార్టు రాజకీయం’ అంటున్న దానికి తెలుగు నేల మీద అది తొలి పెద్ద ప్రదర్శన. ఇప్పుడు క్యాంపులు పెట్టేది ఎక్కువగా లాక్కునేవాళ్లు, అప్పుడు పెట్టింది పోగొట్టుకోకూడదనుకున్నవాళ్లు, అంతే తేడా. ఈలోగా గవర్నర్ మారారు, రామ్‌లాల్ స్థానంలో శంకర్‌దయాళ్ శర్మ వచ్చారు. జనం వీధుల్లోకి వచ్చారు. ఢిల్లీలో రాష్ట్రపతి ఎదుట చక్రాల కుర్చీలో ఉన్న ఎన్టీఆర్‌తో ఎమ్మెల్యేలు లైను కట్టారు. సెప్టెంబరు 16న ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1985 మార్చిలో ఎన్నికలకు వెళ్తే 202 సీట్లు వచ్చాయి. చీలిన వర్గం వేరే పార్టీ పేరుతో పోటీ చేసి కొట్టుకుపోయింది. భాస్కరరావు తర్వాత కాంగ్రెస్‌లో చేరి, 1998లో ఖమ్మం నుంచి లోక్‌సభకు వెళ్లారు.

అదే ఏడాది జులైలో కశ్మీర్‌లోనూ ఫరూఖ్ అబ్దుల్లాను ఇలాగే దించారు. ఈ రెండు కూల్చివేతల వెనుకా ఉన్నది కేంద్రంలోని కాంగ్రెసేనని దేశమంతా అనుకుంది. ఆర్నెల్లు తిరక్కుండా అదే కాంగ్రెస్ ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చింది. 52వ రాజ్యాంగ సవరణ 1985 జనవరి చివర్లో రెండు సభల్లోనూ వెంటవెంటనే పాసై, మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దొంగతనం ఇంట్లో జరిగాక తాళం కొనడం మామూలే. తాళం కొన్నది ఎవరన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆ తాళానికి రెండు దొడ్డిదారులు పెట్టారు. షెడ్యూల్‌లో రెండో పేరా అసలు నిబంధన: పార్టీ సభ్యత్వాన్ని తనంతట తాను వదులుకున్నా, విప్‌ను (ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశాన్ని) ధిక్కరించి ఓటేసినా సభ్యత్వం పోతుంది. మూడో పేరా చీలిక: పార్టీ చీలింది, మాది ఒక వర్గం, మా వెనుక శాసనసభా పక్షంలో (సభలో ఆ పార్టీ సభ్యులందరిలో) మూడింట ఒక వంతు ఉంది అని చెప్పుకోగలిగితే అనర్హత లేదు. నాలుగో పేరా విలీనం: పార్టీ మరో పార్టీలో కలిస్తే, అందుకు శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే అనర్హత లేదు. వీటన్నిటికీ న్యాయమూర్తి స్పీకర్. ఆ స్పీకర్ ఏదో ఒక పార్టీ టికెట్ మీద గెలిచినవాడే. కోర్టులు జోక్యం చేసుకోకూడదని ఏడో పేరాలో రాశారు గానీ 1992లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. స్పీకర్ తీర్పు చెప్పాక కోర్టుకు వెళ్లొచ్చని తేల్చింది. తీర్పే చెప్పకపోతే? ఆ ప్రశ్న 30 ఏళ్లు నలుగుతూనే ఉంది.

చీలిక దారిని తెలుగుదేశం మొదట ఢిల్లీలో చూసింది. 1991 లోక్‌సభ ఎన్నికల్లో పార్టీకి 13 మంది ఎంపీలు వచ్చారు. 13లో మూడో వంతు అంటే నాలుగుకు పైన, అంటే అయిదుగురు చాలు. పీవీ నరసింహారావుది మైనారిటీ ప్రభుత్వం, ప్రతి ఓటూ ఖరీదే. నరసాపురం ఎంపీ భూపతిరాజు విజయకుమార్ రాజు నాయకత్వంలో ఒక వర్గం బయటికి నడిచింది, ఎవరి సభ్యత్వమూ పోలేదు. చిన్న పక్షంలో చీలిక ఎంత తేలికో చూడండి: ఒక కారులో పట్టేంతమంది చాలు.

ఇక 1995. తెలుగు రాజకీయాల్లో ఎన్ని వెన్నుపోట్లు ఉన్నా ‘వెన్నుపోటు’ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇదే. దీన్ని నైతిక నాటకంగా చెప్పేవాళ్లు బోలెడంతమంది. యంత్రాంగంగా చూసినవాళ్లు తక్కువ. 1994 డిసెంబరులో పార్టీకి 216 సీట్లు. అందులో మూడో వంతు 72. చంద్రబాబు నాయుడు వైపు హుస్సేన్‌సాగర్ ఒడ్డున వైస్రాయ్ హోటల్లో (ఇప్పుడు దాని పేరు మారియట్) చేరినవాళ్లు అంతకు చాలా ఎక్కువ. 72 దాటిన క్షణం నుంచి ఆ గదుల్లో ఉన్న ఏ ఎమ్మెల్యేకీ సీటు పోతుందన్న భయం లేదు. గెలిస్తే ప్రభుత్వం, ఓడితే ‘చీలిక వర్గం’గా ప్రతిపక్షంలో కూర్చోవడం. రెండు విధాలా సభ్యత్వం భద్రం. 1984లో నాదెండ్ల వైపు వెళ్లినవాళ్లకు చట్టం అడ్డూ లేదు, అండా లేదు. 1995లో చట్టమే అండ. ఫిరాయింపును ఆపడానికి రాసిన షెడ్యూలు ఒక సంఖ్య దాటితే తిరుగుబాటుకు బీమా పత్రంలా పనిచేసింది.

ఆ బీమాను వాడుకోవాల్సిన అవసరం కూడా రాలేదన్నది ఇంకో విశేషం. చంద్రబాబు వర్గం తాము చీలిపోయామని ఎక్కడా అనలేదు, తామే తెలుగుదేశం అంది. శాసనసభా పక్షం సమావేశమై కొత్త నాయకుణ్ణి ఎన్నుకుంది. ఎన్టీఆర్ అసెంబ్లీ రద్దుకు సిఫార్సు చేస్తే గవర్నర్ కృష్ణకాంత్ ఒప్పుకోలేదు. స్పీకర్ యనమల రామకృష్ణుడు చంద్రబాబు వైపే ఉన్నారు. హోటల్ ముందుకు వాహనం మీద వచ్చి ఎమ్మెల్యేలను బయటికి రమ్మని పిలిచిన పార్టీ వ్యవస్థాపకుడి మీద చెప్పులు పడ్డాయి. ఆగస్టు 31న ఆయన రాజీనామా, సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణ స్వీకారం. 1996 జనవరి 18న ఎన్టీఆర్ మరణించారు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి, నా వాదనకు అది అనుకూలం కాకపోయినా. ఆ ఎమ్మెల్యేలకు ఫిర్యాదులు ఉన్నాయి. లక్ష్మీపార్వతి జోక్యం గురించి, టికెట్ల గురించి, పదవుల గురించి వాళ్లు అంతకు నెలల ముందు నుంచే మొత్తుకుంటున్నారు. వ్యవస్థాపకుణ్ణి ప్రశ్నించడానికి పార్టీ లోపల మార్గమే లేదు. పైగా 1999లో అదే చంద్రబాబు నాయకత్వంలో పార్టీ 180 సీట్లు గెలిచింది. జనం ఆమోదించారు కదా, ఇంకా ఏమిటి బాధ అనొచ్చు. జనం 1999లో ఆమోదించిన మాట నిజం. 1995 సెప్టెంబరు నుంచి 1999 సెప్టెంబరు దాకా నడిచింది మాత్రం ఎమ్మెల్యేల ఆమోదంతో. ఎన్టీఆర్ ముఖం చూసి వేసిన ఓట్లతో నాలుగేళ్లు ప్రభుత్వం నడపడానికి మళ్లీ ఓటరును అడగాల్సిన పని చట్ట ప్రకారం ఎవరికీ లేకపోయింది.

గుర్తు ఎవరిది అన్నది ఇంకో గదిలో, ఇంకో పద్ధతిలో తేలుతుంది. దీన్ని స్పీకర్ తేల్చడు, ఎన్నికల సంఘం తేలుస్తుంది, 1968 నాటి గుర్తుల ఉత్తర్వు 15వ పేరా కింద. 1971లో కాంగ్రెస్ చీలిక కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకున్న కొలత ఒకటుంది. పార్టీ ఆశయాలకు ఎవరు కట్టుబడ్డారు, పార్టీ నియమావళి ఏమంటోంది అని మొదట చూస్తారు. అక్కడ తేలకపోతే సంస్థలోనూ, చట్టసభల్లోనూ మెజారిటీ ఎవరిదో చూస్తారు. ఆచరణలో ఎప్పుడూ తేలేది ఈ చివరి దానితోనే. సంస్థలో ఎవరు ఎటున్నారో లెక్క తేలడం కష్టం, ఎందుకంటే మన పార్టీల్లో జిల్లా కమిటీలు, రాష్ట్ర కమిటీలు ఎన్నికైనవి కావు, నియమించినవి. ఇరుపక్షాలూ సంచుల కొద్దీ అఫిడవిట్లు తెస్తాయి. ఎమ్మెల్యేల సంఖ్య ఒక్కటే కళ్లకు కనబడే లెక్క. కాబట్టి హోటల్లో గెలిచినవాడు గుర్తునూ గెలుస్తాడు. 1996 లోక్‌సభ ఎన్నికల నాటికి సైకిల్ చంద్రబాబు వైపు ఉంది. ఎన్టీఆర్ పేరునే పార్టీ పేరుగా పెట్టుకుని లక్ష్మీపార్వతి పోటీకి దిగితే ఒక్క లోక్‌సభ సీటూ రాలేదు. ఆమె తర్వాత పాతపట్నం ఉప ఎన్నికలో గెలిచి అసెంబ్లీకి వచ్చారు, అంతటితో ఆ పాయ ఇంకిపోయింది.

తర్వాతి చీలికలు చిన్నవి. 1999 ముందు నందమూరి హరికృష్ణ అన్న తెలుగుదేశం పెట్టారు, ఒక్క సీటూ రాలేదు. ఆయన మళ్లీ సొంత గూటికి వచ్చి 2008లో రాజ్యసభకు వెళ్లారు. 2008లో దేవేందర్ గౌడ్ తెలంగాణ పేరుతో బయటికి వెళ్లి నవ తెలంగాణ పార్టీ పెట్టి, దాన్ని ప్రజారాజ్యంలో కలిపి, 2009 ఎన్నికల్లో ఓడి, తిరిగి తెలుగుదేశంలోకే వచ్చారు. ఏడాదిలో ఒక నిష్క్రమణ, ఒక స్థాపన, ఒక విలీనం, ఒక పునరాగమనం.

వీటి మధ్య ఒక్క మనిషి మాత్రం వేరే దారి పట్టారు. 2001 ఏప్రిల్ 27న డిప్యూటీ స్పీకర్ కె. చంద్రశేఖర్ రావు పార్టీకి, పదవికి, ఎమ్మెల్యే సభ్యత్వానికి రాజీనామా చేసి టీఆర్ఎస్ పెట్టారు. సిద్దిపేట ఉప ఎన్నికలో నిలబడి గెలిచారు. వెంట మూడో వంతు లేదు, ఒక్కడే. పదో షెడ్యూలుతో ఆయనకు పనే పడలేదు, ఎందుకంటే ఓటరును అడిగినవాణ్ణి ఆ షెడ్యూలు ఏమీ అనదు. ఈ పద్ధతిలో మొదలైన పార్టీయే పదమూడేళ్ల తర్వాత అధికారంలోకి రాగానే తెలుగుదేశాన్ని విలీనం చేసుకుంది. తెలుగు రాజకీయాల్లో నాకు అన్నిటికంటే చేదుగా అనిపించే మలుపు ఇదే.

నిజమైన విలీనం ఎలా ఉంటుందో కూడా మనం చూశాం, అది తెలుగుదేశంలో కాదు, ప్రజారాజ్యంలో. 2008 ఆగస్టు 26న తిరుపతిలో పుట్టి, 2009లో 18 సీట్లు గెలిచిన ఆ పార్టీని 2011 ఫిబ్రవరిలో అధ్యక్షుడు చిరంజీవి కాంగ్రెస్‌లో కలుపుతున్నట్టు ప్రకటించారు. పార్టీ మూతపడింది. బోర్డు దిగింది, గుర్తు పోయింది, ఆ పేరుతో తర్వాత ఎవరూ పోటీ చేయలేదు. ఓటేసినవాళ్లకు కోపం వచ్చింది, అది వేరే సంగతి. కనీసం కలిసిపోయానన్న పార్టీ కనబడకుండా పోయింది. విలీనానికి అంతకు మించిన రుజువు ఏం కావాలి?

2003లో చట్టం మారింది. చీలిక, విలీనం రెండు మినహాయింపులనూ తీసేయాలని 1999లో లా కమిషన్ 170వ నివేదిక చెప్పింది. 91వ సవరణ ఒకదాన్ని తీసేసి, ఒకదాన్ని ఉంచింది. మూడో వంతు పోయింది, మూడింట రెండు వంతులు మిగిలింది. అదే సవరణ మంత్రుల సంఖ్యను సభ బలంలో 15 శాతానికి పరిమితం చేసింది, అంటే ఫిరాయించేవాళ్లకు ఇవ్వడానికి పదవులు కూడా తగ్గాయి. కట్టుదిట్టం అయిందనుకున్నారు. నిజంగా జరిగిందేమిటంటే, ఇక మీదట ప్రతి చీలికా విలీనం వేషం వేసుకోవాల్సి వచ్చింది.

ఆ వేషం ఎలా కడతారో 2014 నుంచి 2016 మధ్య తెలంగాణ అసెంబ్లీలో దగ్గరగా చూడొచ్చు. 119 సీట్లలో టీఆర్ఎస్‌కు 63, కాంగ్రెస్‌కు 21, తెలుగుదేశానికి 15. పదిహేనులో మూడింట రెండు వంతులు సరిగ్గా పది. మొదటి రోజే పదిమంది రారు. ఒక్కొక్కరూ వస్తారు, ఆ ఒక్కొక్కరూ వచ్చినప్పుడు చట్ట ప్రకారం అనర్హులే. కాబట్టి పదోవాడు వచ్చేదాకా ముందు వచ్చినవాళ్లను కాపాడాలి. అందుకు రెండు పనిముట్లున్నాయి. ఒకటి, అనర్హత పిటిషన్‌ను స్పీకర్ విచారణకు తీసుకోకుండా పక్కన పెట్టడం. చట్టంలో గడువు లేదు కాబట్టి ఇది తప్పు కాదు. రెండు, రాజీనామా లేఖను ఆమోదించకుండా ఉంచడం. సనత్‌నగర్ ఎమ్మెల్యే తలసాని శ్రీనివాస్ యాదవ్ తెలుగుదేశం టికెట్ మీద గెలిచి, 2014 డిసెంబరులో టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. రాజీనామా ఇచ్చానన్నారు, అది స్పీకర్ దగ్గర ఆమోదం లేకుండా ఉండిపోయింది. 1974 నుంచి రాజ్యాంగంలోనే ఉంది, రాజీనామా స్వచ్ఛందమా, నిజమా అని స్పీకర్ చూడాలని. బలవంతపు రాజీనామాల నుంచి ఎమ్మెల్యేలను కాపాడటానికి పెట్టిన ఆ వాక్యం, ఉప ఎన్నిక రాకుండా కాపాడటానికి పనికొచ్చింది. రాజీనామా ఆమోదిస్తే సీటు ఖాళీ, ఉప ఎన్నిక, ఓడితే పరువు పోతుంది. తిరస్కరిస్తే ఆయన తెలుగుదేశం సభ్యుడు, పిటిషన్ మీద తీర్పు చెప్పాలి. రెండూ చేయకపోతే ఏ చిక్కూ లేదు.

2016 ఫిబ్రవరిలో తెలుగుదేశం శాసనసభా పక్ష నాయకుడు ఎర్రబెల్లి దయాకర్ రావే వెళ్లిపోవడంతో పని సులువైంది. నాయకుడి లేఖకు ఉండే విలువ వేరు: పక్షం సమావేశం, తీర్మానం, సంతకాలు, అన్నీ ఆ పక్షం పేరు మీదే జరిగినట్టు కనిపిస్తాయి. మార్చి నాటికి సంఖ్య పన్నెండుకు చేరింది. స్పీకర్ మధుసూదనాచారి వాళ్లను టీఆర్ఎస్ సభ్యులుగా గుర్తిస్తూ బులెటిన్ ఇచ్చారు, సీట్లు మారాయి. మిగిలింది రేవంత్ రెడ్డి, సండ్ర వెంకట వీరయ్య, ఆర్. కృష్ణయ్య. పార్టీ టీఆర్ఎస్‌లో కలిసిపోయాక కూడా ఆ ముగ్గురూ అదే పార్టీ సభ్యులుగా అదే సభలో కూర్చున్నారు. కలిసిపోయిన నది పాత ఒడ్డు పక్కనే పారుతున్నట్టు.

న్యాయపరంగా ఇందులో ఒక గట్టి లొసుగు ఉంది. 2003లో ఉత్తరప్రదేశ్‌లో బీఎస్పీ నుంచి 13 మంది ఎమ్మెల్యేలు గవర్నర్‌ను కలిసి ములాయం సింగ్‌ను పిలవమన్నారు. కొన్ని రోజుల తర్వాత ఆ సంఖ్యను 37 చేసి చీలిక అన్నారు. 2007లో సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. మనిషి ఏ రోజు పార్టీని వదిలాడో ఆ రోజు లెక్కే చూడాలి, తర్వాత జమచేసుకున్న సంఖ్య మొదటివాణ్ణి కాపాడదు. ఈ కొలత తీసుకుని తెలంగాణ చూడండి. 2014లో మంత్రి అయినవాడికి 2016లో వచ్చిన పన్నెండో మనిషి రక్షణ ఇవ్వగలడా? ఇవ్వలేడన్నదే నా అభిప్రాయం. వాయిదాల్లో కొన్న సరుకుకు ఒకేసారి బిల్లు రాసినట్టుంది ఆ బులెటిన్.

సంఖ్యల దగ్గర ఇంకో చిత్రం ఉంది, అది తెలుగుదేశానిది కాకపోయినా ఇక్కడ చెప్పకపోతే లెక్క పూర్తి కాదు. 2018లో తెలంగాణలో కాంగ్రెస్‌కు 19 సీట్లు. మూడింట రెండు వంతులంటే 12.67, అంటే 13 మంది కావాలి. దొరికింది 12. ఈలోగా పీసీసీ అధ్యక్షుడు ఉత్తమ్ కుమార్ రెడ్డి నల్గొండ ఎంపీగా గెలిచి, హుజూర్‌నగర్ ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. బలం 18కి దిగింది. 18లో మూడింట రెండు వంతులు సరిగ్గా 12. 2019 జూన్ 6న విలీనం అయిపోయింది. పార్టీ అధ్యక్షుడు లోక్‌సభకు గెలవడం వల్లే ఆ పార్టీ శాసనసభా పక్షం మాయమైంది! భాగించాల్సింది ఎన్నికల నాటి బలాన్ని కాదు, ఆ రోజు సభలో ఉన్న బలాన్ని అన్న సంగతి తెలియక నష్టపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

రెండు వారాల తర్వాత, జూన్ 20న, రాజ్యసభ వంతు. తెలుగుదేశానికి ఆరుగురు సభ్యులు, కావాల్సింది నలుగురు. సుజనా చౌదరి, సీఎం రమేశ్, టీజీ వెంకటేశ్, గరికపాటి మోహన్ రావు బీజేపీలో విలీనమవుతున్నట్టు చైర్మన్‌కు లేఖ ఇచ్చారు. అది ఒప్పుకున్నారు. మిగిలినవాళ్లు తోట సీతారామలక్ష్మి, కనకమేడల రవీంద్రకుమార్. వాయిదాల గొడవ లేదు, ఒకటి రెండు రోజుల్లో ముగిసింది. సాంకేతికంగా ఇంత శుభ్రంగా చేసిన పని ఇంకోటి లేదు. దాంతో రాజ్యసభ లెక్కలో తెలుగుదేశం బీజేపీలో కలిసిన పార్టీ, అమరావతిలో మాత్రం 23 మంది ఎమ్మెల్యేలతో ప్రధాన ప్రతిపక్షం.

నాలుగో పేరాను తిరిగి చదివితే ఇక్కడి గారడీ తెలుస్తుంది. మొదటి భాగం ‘అసలు రాజకీయ పార్టీ’ మరో పార్టీలో కలిసినప్పుడు అంటుంది. రెండో భాగం, చట్టసభ పక్షంలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటేనే ఆ విలీనం జరిగినట్టు భావించాలి అంటుంది. నా చదువు ప్రకారం ఇవి రెండు షరతులు: ముందు పార్టీ కలవాలి, తర్వాత దానికి సభ్యులు ఒప్పుకోవాలి. స్పీకర్లు రెండోదాన్ని మాత్రమే చదువుతున్నారు. గోవాలో కాంగ్రెస్ ఎమ్మెల్యేల కేసులో 2022లో బొంబాయి హైకోర్టు కూడా సభ్యుల సంఖ్య చాలన్న వైపే మొగ్గింది. 2023 మేలో మహారాష్ట్ర శివసేన కేసులో సుప్రీంకోర్టు మాత్రం, విప్‌ను (పార్టీ ఆదేశాన్ని జారీచేసే సభ్యుణ్ణి) నియమించేది రాజకీయ పార్టీ, శాసనసభా పక్షం కాదు అంది. పక్షం పార్టీకి పిల్ల, తల్లి కాదన్న తర్కమే అది. విలీనానికీ ఆ తర్కం పట్టుకుంటే 2016, 2019, 2021 బులెటిన్లు మూడూ నిలబడవు.

ఇంతవరకూ చదివి తెలుగుదేశాన్ని బాధితురాలిగా చూస్తే పొరపాటు. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీయే అటు వైపు నిలబడింది. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 67 మంది, విలీనానికి 45 మంది కావాలి. వచ్చింది 23 మంది. సంఖ్య చాలదు, కాబట్టి విలీనం అనే వేషం కూడా వేయలేదు. పసుపు కండువాలు కప్పారు, 2017 ఏప్రిల్‌లో నలుగురిని మంత్రులను చేశారు, పిటిషన్లు అలాగే ఉన్నాయి. ప్రతిపక్షం సభకు రావడం మానేసింది. తర్వాతి ఎన్నికల్లో తెలుగుదేశానికి వచ్చిన సీట్లు సరిగ్గా 23. దాన్ని దేవుడి లెక్క అని అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు.

ఆ 23 మందిలో నలుగురు, వల్లభనేని వంశీ, కరణం బలరాం, మద్దాలి గిరి, వాసుపల్లి గణేశ్, వైసీపీ వైపు జరిగారు. విలీనానికి 16 కావాలి, నలుగురితో కుదరదు. ‘విడిగా కూర్చుంటాం’ అన్న కొత్త పద్ధతి వచ్చింది. అలాంటి హోదా చట్టంలో లేదు. పార్టీ బహిష్కరించినా సభ్యుడు ఆ పార్టీ సభ్యుడిగానే లెక్క అని 1996లోనే సుప్రీంకోర్టు ఒక తమిళనాడు కేసులో చెప్పింది. అయినా విడిగానే కూర్చున్నారు. 2024 ఫిబ్రవరి చివర్లో, ఎన్నికల షెడ్యూలు ఇంకో రెండు మూడు వారాల్లో వస్తుందనగా, స్పీకర్ తమ్మినేని సీతారాం ఆ నలుగురినీ, వైసీపీ నుంచి జరిగిన మరో నలుగురినీ కలిపి ఎనిమిది మందిని అనర్హులను చేశారు. అయిదేళ్ల పదవీకాలంలో మిగిలిన కొద్ది వారాలకు శిక్ష.

తెలంగాణలో 2023 తర్వాత బీఆర్ఎస్ (పేరు మారిన టీఆర్ఎస్) వంతు వచ్చింది. 39 మందిలో 26 కావాల్సిన చోట పదిమంది కాంగ్రెస్ వైపు వెళ్లారు. స్పీకర్ మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2016లో తెలుగుదేశం వాళ్లు అన్న మాటలనే బీఆర్ఎస్ వాళ్లు అక్షరం పొల్లుపోకుండా అన్నారు.

ఏం చేయాలన్నదానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. విలీనం అనేవాడు, తన పార్టీ రద్దయిందని, గుర్తు వదులుకుందని ఎన్నికల సంఘం నుంచి కాగితం తేవాలి. ప్రజారాజ్యం వాళ్లు పార్టీని మూసేయగలిగారు, మిగిలినవాళ్లకేం? ఆ కాగితం లేకపోతే స్పీకర్ సంతకాలు లెక్కపెట్టడానికి వీల్లేదు. కొత్త కండువా కప్పుకున్న రోజే లెక్క మొదలవ్వాలి, పదోవాడు వచ్చిన రోజు కాదు. పిటిషన్‌కు, రాజీనామా లేఖకు ఒకే గడువు ఉండాలి, అది దాటితే సీటు ఖాళీ అయినట్టే. పార్టీ నాయకుడు నియంతలా ఉంటే ఎమ్మెల్యే ఏం చేయాలి అని అడుగుతారు, 1995ను చూపించి. సిద్దిపేట దారి ఉంది. అది ఖరీదైన దారి అని తెలుసు, ఓడిపోయే ప్రమాదం ఉన్నది కూడా అందులోనే.

పెద్ద సంఖ్యల కంటే చిన్న సంఖ్యలకు నాలుగో పేరా ఇంకా సులువు. ఇద్దరున్న పక్షంలో ఇద్దరూ, ఒక్కడున్న పక్షంలో ఒక్కడే. 2014లో తెలంగాణలో బీఎస్పీకి ఇద్దరు గెలిస్తే ఇద్దరూ టీఆర్ఎస్‌లో కలిశారు. 2018లో తెలుగుదేశానికి గెలిచింది కూడా ఇద్దరే, సత్తుపల్లిలో సండ్ర వెంకట వీరయ్య, అశ్వారావుపేటలో మెచ్చా నాగేశ్వరరావు. 2016లో పన్నెండుమందీ వెళ్లినా కదలని సండ్ర, 2021 ఏప్రిల్‌లో మెచ్చాతో కలిసి స్పీకర్‌కు విలీనం లేఖ ఇచ్చారు. రెండుకు రెండు, నూటికి నూరు శాతం. తెలంగాణ అసెంబ్లీలో తెలుగుదేశం అంకె సున్నా అయింది.

అశ్వారావుపేట సంగతి చూడండి. 2014లో అక్కడి వాళ్లు ఫ్యాను గుర్తు మీద తాటి వెంకటేశ్వర్లును గెలిపించారు, ఆయన కారెక్కారు. 2018లో కారు గుర్తు మీద వచ్చిన అదే తాటిని ఓడించి, సైకిల్ మీద మెచ్చాను గెలిపించారు, ఆయనా కారెక్కారు. 2023లో కారు గుర్తు మీద మెచ్చా వచ్చారు. ఆయన్నీ ఓడించారు.